కరువు సాహిత్యంలో కానరాని బెట్ట: అనంతపురం నేపథ్యంలో బడి విద్యార్థి ఆందోళన – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

రాయలసీమ సాహిత్యంపై వచ్చిన విమర్శకు కరువు కేంద్రభావన. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ మొదలుకొని సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి వంటి అనంతపురం రచయితల కృషి దాకా ఎక్కువగా ఆ భావన వెలుగులోనే అంచనాకు వచ్చింది. వాన, నేల, అప్పు, వలస, ఫ్యాక్షన్ అనేవి ఈ విమర్శ తరచుగా చర్చించే అంశాలు. వీటి నడుమ బడికి వెళ్ళే పిల్లలు కనిపించకపోరు. ఫీజు కట్టవలసిన కొడుకుగా, చదువు మానిన కూతురిగా, రేపు ఉద్యోగం చేసి ఇంటిని గట్టెక్కించవలసిన ఆశగా వారు కనిపిస్తారు. ఆ పిల్లల మనసులోని ఆందోళనను స్వతంత్ర వస్తువుగా గుర్తించి చదివిన విమర్శ మాత్రం అరుదు.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల విద్యార్థి రోజూ మోసే దిగులును కరువు సాహిత్యం ఏ దృష్టితో చూసింది, ఆ చూపు ఎక్కడ ఆగింది, ఆగడానికి కారణమేమిటి అనేవి ఇక్కడి పరిశీలనాంశాలు. రచయితలకు పిల్లల పట్ల శ్రద్ధ లేకపోవడం ఆ కారణం కాదు. ఈ రచయితలలో పలువురు ఉపాధ్యాయులు. సింగమనేని తెలుగు పండితుడు; బండి నారాయణస్వామి, కడప జిల్లాకు చెందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి బడిలో పాఠాలు చెప్పినవారు. చిక్కు కథనరూపంలో ఉంది. సంఘటనకు అలవాటు పడిన కథనం, సంఘటన లేని బాధను పట్టుకోలేకపోయింది. ఆ బాధను చదవడానికి కావలసిన మాట అనంతపురం సేద్యభాషలోనే ఉన్నదని, అది ‘కరువు’ కాక ‘బెట్ట’ అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కరువు – బెట్ట

అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వానచాటున ఉండడం వల్ల నైరుతి మేఘాలు ఇక్కడికి పలుచబడి వస్తాయి. తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య రుతుపవనాల తడి కూడా తక్కువే. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి పాత అనంతపురం రెండుగా విడిపోయినా, ఎర్రనేలల్లో వర్షాధారపు వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసే బ్రతుకు రెండింటికీ ఉమ్మడిగానే మిగిలింది.

ఈ సేద్యంలో కరువు, బెట్ట ఒకటి కావు. కరువు ఏడాది చివర తేలే లెక్క. ప్రభుత్వం ప్రకటించేది, చరిత్రలో నమోదయ్యేది. బెట్ట రెండు వానల నడుమ నిలిచి ఉన్న పైరు అనుభవించే స్థితి. బెట్టకు వచ్చిన చెట్టు చావదు, ఎదగదు. పగటి ఎండకు ఆకులు ముడుచుకొంటుంది, రాత్రి చల్లదనానికి కొంత తేరుకొంటుంది. ఊడలు దిగే వేళ బెట్ట తగిలితే కాయ దెబ్బతింటుంది. దారిన పోయేవారికి చేను పచ్చగానే కనిపిస్తుంది. చెట్టు పడుతున్న కష్టం దగ్గరకు వెళ్ళి, ఆకు పట్టుకొని చూసినవారికే తెలుస్తుంది.

విద్యార్థి ఆందోళన స్వభావం దీనికి చాలా దగ్గర. అది ఒక రోజున జరిగే విపత్తు కాదు. హాజరు పలుకుతూనే, హోంవర్కు రాస్తూనే, మధ్యాహ్న భోజనం వరుసలో నిలబడుతూనే లోపల ఎండుతూ ఉండడం. ‘భయం’ అనే మాటకు ఎదుట ఒక వస్తువు కావాలి: బెత్తం, పాము, చీకటి. ‘ఆందోళన’కు అటువంటి వస్తువు స్పష్టంగా ఉండదు. తెలుగులో దిగులు, గుబులు, బెంగ, ఆదుర్దా అనే మాటలు ఈ స్థితిలోని వేరు వేరు ఛాయలను చెబుతాయి. దిగులు నిలకడగా కూర్చునేది. గుబులు ఉన్నట్టుండి లేచేది. బెంగ దూరమైనవారి కోసం కలిగేది. ఆదుర్దా రాబోయే క్షణం కోసం తొందరపడేది. ఇంత సూక్ష్మమైన పదసంపద ఉన్న భాషలో విమర్శ మాత్రం పిల్లల విషయానికి వచ్చేసరికి ‘పేదరికం వల్ల చదువుకు దూరమైన బాల్యం’ అనే ఒకే వాక్యంతో సరిపెట్టుకుంది.

రైతు ముందు, పిల్లవాడు వెనుక

1988లో వెలువడిన సింగమనేని నారాయణ కథాసంపుటి పేరు ‘జూదం’. వర్షాధార వ్యవసాయాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క మాట చాలా దూరం తోడు వస్తుంది. విత్తనం, ఎరువు, కూలి అన్నీ ముందే పెట్టి, గెలుపోటములను తన చేతిలో లేని వానకు వదిలిపెట్టడం జూదమే. సీమ కథ రైతు మనసులోని ఈ పందెపు ఒత్తిడిని సూక్ష్మంగా చిత్రించింది. మబ్బు కమ్మి విడిపోయినప్పటి నిట్టూర్పు, పొరుగు పొలంలో పడి తన పొలంలో పడని వాన, అప్పిచ్చినవాని పలకరింపులో మారిన స్వరం ఈ సాహిత్యానికి సహజమైన సామగ్రి.

ఇదే పందెం ఇంట్లో మరొకచోట కూడా సాగుతోందన్న సంగతి మీద విమర్శ దృష్టి పడలేదు. వరుసగా పంటలు పోయిన ఇంటికి పిల్లల చదువు నీటివసతి ఉన్న ఒకే ఒక మడి వంటిది. ఉన్న తడినంతా ఆ మడికే మళ్ళిస్తారు. ఆ మడికి ఎండిపోయే హక్కు లేదు. తల్లిదండ్రులు ఒక్క కఠినమైన మాట అనకపోయినా ఈ సంగతి పిల్లలకు తెలుసు. ‘నీ చదువు కోసమే’ అన్న మాటలోని ప్రేమే వారి మీద బరువవుతుంది. నగర మధ్యతరగతి ఇంటిలో మార్కుల ఒత్తిడి ఎక్కువగా పోటీ నుంచి వస్తుంది. కరువు నేల మీద అది ఎక్కువగా కృతజ్ఞత నుంచి వస్తుంది. పోటీలో ఓడినవాడు సిగ్గుపడతాడు. కృతజ్ఞతలో ఓడినవాడు తనను తాను దోషిగా చూసుకుంటాడు. ఈ రెండు ఒత్తిళ్ళను వేరు చేసి చూడకపోతే అనంతపురం విద్యార్థి ఆందోళన ప్రత్యేకత అర్థం కాదు.

పంచాంగమూ బడి క్యాలెండరూ ఇక్కడ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. జూన్‌లో బడి తెరిచే రోజులే మృగశిర కార్తె మొదలై విత్తనం కోసం అప్పు వెతికే రోజులు. పంట పోయిందని ఖాయమయ్యే నెలలలో అర్ధసంవత్సర పరీక్షలు దగ్గర పడతాయి. పనులు లేక పెద్దలు బెంగుళూరు వంటి చోట్లకు వలస పోయే వేసవి ముంగిట పదో తరగతి పబ్లిక్ పరీక్షలు వస్తాయి. వలసపోయిన కుటుంబాల పిల్లల చదువు ఆగకుండా ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు నడిపింది. ఆ ఏర్పాటు చదువును నిలిపింది; బెంగ దిక్కును మాత్రం తలకిందులు చేసింది. సాధారణంగా పిల్లల కోసం పెద్దలు బెంగపడతారు. ఇక్కడ ఎక్కడో కట్టడం పనిలో ఉన్న తల్లిదండ్రుల కోసం పద్నాలుగేళ్ళ పిల్ల బెంగపడుతూ లెక్కలు చేస్తుంది. వలస కథలలో ప్రయాణం చేసినవారి చిత్రణ బలమైనది. వెనుక మిగిలినవారి చిత్రణకు ఇంకా చోటు ఉంది.

మరణాంత కథనం

విద్యార్థి ఆందోళన సాహిత్యంలో కనిపించిన కొద్ది చోట్లా ఒక నియమం గోచరిస్తుంది: అది మరణంతోనే రుజువవుతుంది. ఇది తెలుగుకు పరిమితమైన లక్షణం కాదు. రవీంద్రనాథ్ టాగూర్ ‘ఛుట్టీ’ (1892) కథలో ఊరు విడిచి కలకత్తాలోని మేనమామ ఇంట చేరిన ఫటిక్ బెంగకు కథ చివర లభించే సెలవు మరణమే. హెర్మన్ హెస్సే 1906 నాటి నవల ‘చక్రం కింద’లో పరీక్షలలో మెరిసిన హాన్స్ గీబెన్రాత్ చివరకు నదిలో శవమై తేలుతాడు. రెండూ గొప్ప రచనలే. రెండింటిలోనూ పెద్దల లోకం పిల్లవాని బాధను నమ్మడానికి అతని శవం అవసరమైంది. తెలుగులో మార్కుల చదువుపై తీవ్రంగా స్పందించిన చిత్తూరు రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన పుస్తకానికి ‘చదువులా? చావులా?’ అని పేరు పెట్టవలసి రావడం ఈ నియమపు ఒత్తిడికి మరో నిదర్శనం.

ఈ భయం కల్పితమైనది కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు మరణించారు. 2025 జూలైలో ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన ఒక విద్యార్థి మృతి కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలు జారీచేసింది. మార్కులను బట్టి విద్యార్థులను వేరు వేరు బ్యాచ్‌లుగా విడగొట్టవద్దన్నది వాటిలో ఒకటి. సాహిత్యం ఈ మరణాలను పట్టించుకోవలసిందే.

అయితే మరణాన్నే కొలమానంగా తీసుకొన్నప్పుడు లెక్కలోకి రానివారు ఎందరో గమనించాలి. కోవిడ్ వల్ల రెండేళ్ళు రద్దయిన తరువాత జరిగిన ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షల ఫలితాలు 2022 జూన్ 6న వెలువడ్డాయి. రాష్ట్రంలో ఉత్తీర్ణత 67.26 శాతం. అనంతపురం జిల్లాది 49.70 శాతం, రాష్ట్రంలో అన్నిటికంటె తక్కువ. అంటే మృగశిర కార్తె ముంగిట, ఇంటిల్లిపాది విత్తనానికి సిద్ధమవుతున్న వేళ, జిల్లాలో పరీక్ష రాసిన ప్రతి ఇద్దరిలో ఒకరు తప్పినట్టు తెలిసింది. తప్పిన ఆ వేలాది మందిలో దాదాపు అందరూ మరునాడు లేచి ఇంటిపని చేశారు, పొలానికి వెళ్ళారు, బంధువుల ప్రశ్నలు విన్నారు. జూలైలో ఎందరో సప్లిమెంటరీ పరీక్షలకు కూర్చున్నారు. తెలుగు కథకు, కథా విమర్శకు వీరు కనిపించలేదు. ఆందోళనతో చనిపోయినవారికి వార్త ఉంది, కథ ఉంది. ఆందోళనతో బ్రతుకుతున్నవారికి రెండూ లేవు.

ఈ లోటుకు నైతికమైన పర్యవసానం కూడా ఉంది. మరణమే రుజువుగా నిలిచే కథనాన్ని పదే పదే చదివిన పిల్లవానికి ‘నా బాధ నిజమని వీరు నమ్మాలంటే ఏం చేయాలి’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు దొరుకుతుంది. పాఠ్యపుస్తకాలకు కథలు ఎంపిక చేసేవారూ, పరిశోధనకు అంశాలు సూచించేవారూ ఎక్కువగా తెలుగు శాఖల అధ్యాపకులే గనుక ఇది వస్తు చర్చగానే మిగలదు.

పులి కనిపించే అడవి

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ‘కొండపొలం’ (2019) ఈ మరణాంత నియమాన్ని దాటిన ముఖ్య రచన. కరువు వల్ల మేత కరవై గొర్రెల మందలు నల్లమలకు తరలుతాయి. చదువుకొని ఉద్యోగం దొరకక, ఆత్మవిశ్వాసం సన్నగిల్లిన యువకుడు వాటి వెంట వెళతాడు. అడవిలోని ఆపదలను ఎదుర్కొంటూ మనిషిగా నిలదొక్కుకొని, చివరకు అటవీశాఖలో అధికారిగా ఎదుగుతాడు. చదువు పెట్టిన బెదురును శ్రమసంస్కృతి తీర్చగలదన్న ప్రతిపాదన ఈ నవలకు బలం. గొర్రెలకాపరుల తరతరాల జ్ఞానాన్ని అది గౌరవించిన తీరు కూడా మెచ్చదగినది.

విద్యార్థి ఆందోళన దృష్టితో చదివితే ఇక్కడొక మార్పిడి జరిగినట్టు తెలుస్తుంది. వస్తువు లేని ఆందోళన వస్తువున్న భయంగా మారింది. పులి కనిపిస్తుంది, గర్జిస్తుంది. దాని ఎదుట నిలబడవచ్చు. పరీక్ష, ఇంటర్వ్యూ, ఇంటివారి ఆశ అట్లా ఎదుటికి రావు. నవల పరిష్కారం సాహసకథనం అందించే పరిష్కారం. పైగా దాని ముగింపు ఉద్యోగ విజయం. అడవికి వెళ్ళలేని, వెళ్ళినా ఉద్యోగం రాని పదో తరగతి పిల్లలకు ఆ విజయం మరో కొలబద్ద అయ్యే ప్రమాదం ఉంది. ఇది నవల లోపం కాదు. అది ఎంచుకొన్న వస్తువు వేరు. మరణానికి, విజయానికి నడుమ ఉన్న విశాలమైన మెట్టభూమి ఇంకా సాగులోకి రాలేదనే ఈ పోలిక చూపుతుంది.

చలం ‘బిడ్డల శిక్షణ’లో పిల్లలను భయపెట్టి లొంగదీసే పెద్దల అధికారాన్ని నిలదీశాడు. విద్యాశాఖలో పాఠశాలల తనిఖీ ఉద్యోగం చేసిన చలానికి బడిలోని భయం ప్రత్యక్షంగా తెలుసు. ఆ భయానికి ఒక ముఖం ఉండేది: కొట్టే తండ్రి, కేకలేసే ఉపాధ్యాయుడు. ఇక్కడి పిల్లల ముందు అటువంటి ముఖం లేదు. కరువును తిట్టలేరు, కష్టపడే తల్లిని తిట్టలేరు. చివరకు మిగిలేది తామే. చలం విమర్శను కరువు నేలకు అన్వయించేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

శరీరం పలికే మాట, ఆడపిల్ల గడువు

‘నాకు ఆందోళనగా ఉంది’ అని పల్లె పిల్లలు చెప్పరు. ‘కడుపులో నొస్తాంది’, ‘తలకాయ నొస్తాంది’, ‘గుండె దడదడ అంటాంది’ అంటారు. పరీక్షనాటి ఉదయం వచ్చే కడుపునొప్పిని ఇంట్లో వాముతోనో, దిష్టి తీసో సరిపెడతారు. బడిలో ఎగవేతగా జమకడతారు. కథలలో ఇటువంటి వాక్యం వచ్చినప్పుడు విమర్శ దానిని ఆకలికి గుర్తుగానో, మాండలిక సౌందర్యానికి ఉదాహరణగానో చదివి ముందుకు పోతుంది. మాండలికాన్ని పలుకుబడిగా మాత్రమే లెక్కించి, అది మోసే మానసిక సమాచారాన్ని వదిలివేయడం సీమ సాహిత్య విమర్శ సరిదిద్దుకోవలసిన పద్ధతి.

ఆడపిల్ల విషయంలో ఆందోళనకు గడువు తోడవుతుంది. అబ్బాయి పది తప్పితే కూలికో, పట్టణానికో వెళ్ళి తరువాత మళ్ళీ రాయవచ్చునన్న వెసులుబాటు ఉంటుంది. అమ్మాయి తప్పితే చాలా ఇళ్ళలో పెళ్ళిమాట మొదలవుతుంది. ఆమె హాల్‌టికెట్‌ను ఇంట్లో మరొక ముహూర్తపత్రికగా చదువుతారు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల వంటి వసతి బడులు ఆ గడువును కొంత పొడిగించాయి. రాయలసీమ స్త్రీల జీవితాన్ని చర్చించే విమర్శ వివాహానంతర హింస మీద ఎక్కువగా దృష్టి పెట్టింది. పెళ్ళికి ముందటి ఈ రెండు మూడేళ్ళ ఊపిరి బిగపట్టిన కాలం కూడా స్త్రీవాద పరిశీలనకు అర్హమైనదే.

రెండు ఆక్షేపణలు

ఈ ప్రతిపాదనపై రెండు ఆక్షేపణలకు అవకాశం ఉంది. మొదటిది: ఆందోళన నగరపు మాట, కరువు నేల మీది పిల్లలకు అసలు సమస్య ఆకలి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దీనికి కొంత ఊతమిచ్చేట్టు కనిపిస్తుంది. 13–17 ఏళ్ళ వయసువారిలో మానసిక సమస్యలు మొత్తం మీద 7.3 శాతం కాగా, మహానగరాలలో 13.5 శాతం, గ్రామాలలో 6.9 శాతం. కాని ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాలలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. నగరంలో ఎక్కువ అన్నంత మాత్రాన పల్లెలో లేదని అర్థం కాదు. వందలో ఏడుగురంటే సగటు తరగతి గదిలో ఇద్దరో ముగ్గురో. ఆకలి, ఆందోళన ఒకదానినొకటి తోసివేసేవి కూడా కావు. వాన రాని ఏడాది చెట్టుకు బెట్ట తగలదని ఏ రైతూ అనడు.

రెండవది: పాత్రలకు వైద్యుని పేరుతో జబ్బు అంటగట్టడం విమర్శ పని కాదు. ఇది అంగీకరించవలసిన హెచ్చరిక. కథ రోగుల చీటీ కాదు. ‘బెట్ట’ అనే భావనను ప్రతిపాదించడంలోని ఉద్దేశం కూడా ఇదే. అది రోగనామం కాదు. నేలకు, చెట్టుకు, వేళకు మధ్య సంబంధాన్ని తెలిపే మాట. బెట్టకు చెట్టును నిందించరు. అదే సమయంలో చెట్టు ఓర్చుకొన్న తీరును గుర్తిస్తారు. ఒక తడి ఇస్తే నిలుస్తుందని తెలిసి చేయగలిగింది చేస్తారు. పిల్లవాని ఆందోళనను వ్యక్తి బలహీనతగానో, వ్యవస్థ నేరానికి సాక్ష్యంగానో మాత్రమే చదివే రెండు అలవాట్ల నుంచీ ఈ భావన విమర్శకు విడుదల ఇస్తుంది.

ముగింపు

‘పెన్నేటి పాట’లో రంగడు, గంగమ్మల బ్రతుకును నేటికీ చదివిస్తున్నది కరువు సమాచారం కాదు, ఎండిన ఏటి ఒడ్డున ఒక రోజు తరువాత మరొక రోజు గడపడంలోని వేదన, ఓర్పు. సంఘటన కంటె నిరీక్షణను వస్తువు చేసుకొనే శక్తి అనంతపురం సాహిత్యానికి మొదటి నుంచీ ఉన్నదని ఆ కావ్యం సాక్ష్యమిస్తుంది. ఆ శక్తి రైతు చేను దాటి అతని కూతురి నోటుపుస్తకం దాకా రావలసి ఉంది.

అందుకు విమర్శ చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. ఇప్పటికే వచ్చిన కథలలో అంచున నిలబడిన విద్యార్థి పాత్రలను మళ్ళీ చదవాలి. శరీరపు మాటలను మనసు మాటలుగా కూడా వినాలి. మరణంతోనో, ఉద్యోగంతోనో ముగియని కథను ‘ముగింపు బలహీనం’ అని తోసివేసే కొలమానాన్ని పునఃపరిశీలించాలి. విత్తిన గింజ మొలవకపోతే మళ్ళీ పదును కోసం చూసి మళ్ళీ విత్తడం ఈ నేల మీది రైతుకు ఓటమి కాదు, సేద్యంలో భాగం. పరీక్ష తప్పి, దిగులుతోనే మళ్ళీ పుస్తకం తెరిచిన పదిహేనేళ్ళ పిల్లకు కూడా అదే గౌరవం దక్కేట్టు చదవగలిగితే, కరువు సాహిత్య విమర్శ తన నేల భాషకు మరింత దగ్గరవుతుంది.